స్వర్గం ప్లస్ ప్లస్

మాల్దీవులకు వెళ్లొచ్చిన మనవాణ్ణి పట్టుకుని ఆ దేశం ఎలా ఉందని అడక్కండి, పాపం, ఇబ్బంది పడతాడు. రాజధాని మాలేను అతను విమానం కిటికీలోంచి చూశాడు. అక్కడ అతనితో నోరు విప్పి మాట్లాడినవాళ్లు ఇద్దరే. సూట్‌కేసు మోసినవాడిది బంగ్లాదేశ్, బిల్లు మీద సంతకం పెట్టించుకున్నవాడిది కేరళ. అక్కడి తిండి? పనీర్ బటర్ మసాలా అద్భుతమట. అక్కడి భాష? ఇంగ్లిషే కదా, అంటాడు. అయినా ఇల్లు చేరిన మర్నాటి నుంచి అతనే మాల్దీవులకు ఆస్థాన పండితుడు. ఏ హోటల్లో దిగాలో, ఏ విల్లా తీసుకోవాలో, పొద్దు ఏ వైపు వాలితే ఫొటోలో ముఖం తెల్లగా పడుతుందో, అడగనివాళ్లకు కూడా ఆపి మరీ చెబుతాడు.

అతన్ని అనడానికీ లేదు. దేశాన్ని చూడనివ్వకుండా దేశాన్ని అమ్మడమనే విద్యలో మాల్దీవులను మించినవాళ్లు లేరు. 1972లో కురుంబా అనే మొదటి రిసార్టు తెరిచారు. ఆ తర్వాత కుదురుకున్న సూత్రం: దీవికో రిసార్టు, రిసార్టుకో దీవి. ఊరున్న దీవిలో టూరిస్టు ఉండకూడదు, టూరిస్టున్న దీవిలో ఊరు ఉండకూడదు. దాదాపు 1,190 దీవుల్లో జనం కాపురం ఉంటున్నవి 190కి లోపే. రిసార్టు దీవులు 170కి పైనే. ఈ రిసార్టు దీవులకు సర్కారు లెక్కల్లో ఉన్న హోదా ఏమిటో తెలుసా? జనావాసం లేని దీవులు. వందలమంది సిబ్బంది చెట్ల చాటున కట్టిన క్వార్టర్ల నుంచి వచ్చి పగలూ రాత్రీ చాకిరీ చేస్తుంటారు, వందలమంది అతిథులు పళ్లేలు పట్టుకుని బఫే వరసలో నిలబడతారు, అయినా అక్కడ మనిషి లేనట్టే. లక్షలు పోసి, సెలవు కోసం మేనేజరు కాళ్లావేళ్లా పడి మీరు చేరిన చోట, కాగితం ప్రకారం మీరూ లేరు.

ఈ లేకపోవడం చాలా లాభసాటి. దేశంలో ఇస్లాం చట్టం నడుస్తుంది, ఊళ్లలో మద్యం నిషిద్ధం. ‘మనుషులు లేని’ దీవిలో మాత్రం బారు దర్జాగా తెరిచి ఉంటుంది. ఎయిర్‌పోర్టులో మీ సూట్‌కేసులోని సీసాను కస్టమ్స్‌వారు మర్యాదగా తీసుకుని రశీదు రాసిచ్చి, తిరుగు ప్రయాణంలో వచ్చి పట్టుకుపొమ్మంటారు. అరగంట పడవ ప్రయాణం చేశాక అదే సరుకు డాలర్లలో గ్లాసు లెక్కన దొరుకుతుంది. పాపమంతా సీసా తెచ్చుకోవడంలో ఉంది, కొనుక్కోవడంలో లేదు. ఇక మనవాళ్లకు మరీ ముఖ్యమైన సంగతి: పూజా విగ్రహాలు కూడా ఆ దేశపు నిషిద్ధ వస్తువుల జాబితాలో ఉన్నాయి. హనీమూన్‌కి బయల్దేరే జంట పెట్టెలో అత్తగారు భక్తిగా సర్దిపెట్టిన బుల్లి వెంకటేశ్వరస్వామికి ఆ దేశంలో ప్రవేశం లేదు. ఏ పండితుడూ ఈ మాట చెప్పడు. ఫొటోకు పనికిరాదు కదా.

సరే, స్వామిని ఇంట్లోనే ఉంచి వెళ్లారనుకుందాం. విమానం టికెట్ చవగ్గా దొరికిందని సాయంత్రం దిగేది కొన్నారా? అయితే పండగే. దూరపు రిసార్టులకు తీసుకెళ్లే సీప్లేన్ అనే చిన్న విమానం పగటి వెలుగులోనే ఎగురుతుంది. మధ్యాహ్నం మూడున్నర దాటాక దిగినవాడికి ఆ రోజు అది దక్కడం కష్టం. రాత్రికి ఎయిర్‌పోర్టు పక్కనున్న హుల్హుమాలేలో ఏదో ఒక గదిలో పడుకుని, రిసార్టులో ఖాళీగా ఉన్న మీ విల్లాకు కూడా అద్దె కట్టుకోవాలి. టికెట్ మీద మిగిల్చిన నాలుగు వేలకు ఈ మర్యాద. సీప్లేన్ ఎక్కితే అదో వైభోగం. పైలట్లు చెప్పుల్లేని కాళ్లతో నడుపుతారు. మీకు ఇరవై కిలోల పెట్టె, ఐదు కిలోల చేతిసంచీ, అంతే. అంతకు మించితే కిలో లెక్కన వసూలు. పెళ్లికి వెళ్తూ పిల్లిని చంకన పెట్టుకెళ్లినట్టు ఆవకాయ జాడీ, కారప్పొడి, రైస్ కుక్కరు మోసుకెళ్లే మన జాతికి ఆ కాటా దగ్గర జరిగే పరాభవం వర్ణించలేం.

దిగాక గడియారం చూసుకోండి. మాలేలో టైము మనకంటే అరగంట వెనక. చాలా రిసార్టుల్లో మాత్రం మాలే కంటే గంట ముందుకు తిప్పి పెడతారు, అంటే మనకంటే అరగంట ముందు. అతిథి సాయంత్రం ఇంకాసేపు వెలుగులో ఉంటాడని. దేశాన్ని దాచేశాక దేశపు టైమును మాత్రం ఎందుకు వదలాలి?

ఇక అసలు కథ. అక్కడ ధర పక్కన రెండు కూడిక గుర్తులు ఉంటాయి. ప్లస్ ప్లస్. మన పండితుడు వాటిని అలంకారం అనుకుంటాడు. మొదటి ప్లస్ పది శాతం సర్వీసు చార్జి. రెండోది టూరిజం జీఎస్టీ, 2025 జూలై నుంచి 17 శాతం. ఇది గది అద్దె మీద మాత్రమే కాదు, సర్వీసు చార్జి కలిపిన మొత్తం మీద. అంటే పన్ను మీకు సేవ చేసినందుకే కాదు, సేవకు డబ్బు తీసుకున్నందుకు కూడా. 500 డాలర్ల విల్లా అనుకోండి. సర్వీసుతో 550. పన్నుతో 643న్నర. దీని మీద మనిషికి రోజుకు 12 డాలర్ల గ్రీన్ టాక్స్, ఇద్దరికి 24. తేలింది 667న్నర. నాలుగు రాత్రులకు 2,670. సీప్లేన్‌కు రానుపోను తలకు నాలుగైదు వందలు మామూలే, ఇద్దరికీ ఒక వెయ్యి వేసుకోండి. 3,670 డాలర్లు. మీరింకా మధ్యాహ్నం భోంచెయ్యలేదు.

భోజనం దగ్గరే అసలు సిసలు తెలివిగలవాడు చిత్తవుతాడు. గది, టిఫిను మాత్రమే ఉన్న ప్యాకేజీ తీసుకుని, ‘తిండి బయట చూసుకుందాంలే’ అని భార్యకు ధైర్యం చెబుతాడు. నాయనా, బయట అంటే సముద్రం. ఆ దీవిలో పక్కసందు లేదు, పక్కసందులో ఉడిపి హోటల్ లేదు, రోడ్డు మీద మిర్చిబజ్జీ బండి లేదు. బియ్యం నుంచి టమాటా దాకా దాదాపు అంతా ఓడల్లో, విమానాల్లో దిగుమతి అయ్యే దేశమది. సముద్రంలో దొరికే ట్యూనా తప్ప దాదాపు ప్రతిదీ మీలాగే పాస్‌పోర్టు మీద వచ్చింది. ఒక పూట నిగ్రహం, రెండో పూట బిస్కెట్లు, మూడో పూట అన్ని పూటల తిండీ కలిసిన ఫుల్ బోర్డ్‌కి మార్చమని రిసెప్షన్ ముందు నిలబడటం. డిసెంబరు 24నో 31నో అక్కడ ఉన్నారా, గాలా డిన్నర్ అని ఒకటి ఉంటుంది. తిన్నా తినకపోయినా చాలాచోట్ల అది తప్పనిసరి. మన పెళ్లిళ్లలో బలవంతంగా వడ్డిస్తారు గాని, బలవంతంగా బిల్లు వెయ్యరు.

కొబ్బరి చెట్టు ఆ దేశానికి జాతీయ వృక్షం. కోనసీమలో పుట్టి పెరిగి, దొడ్లో నలభై చెట్లున్న మనిషి, ఆ చెట్టుకు ఊయల కట్టి ఉందని, సముద్రం దాటి డాలర్లు కట్టి దాని కింద ఒరిగి, బొండం తాగుతూ ఫొటో దిగి ‘స్వర్గం’ అని రాస్తాడు. ఇంటి దగ్గర దింపు కార్మికుడికి ఇంకో పది రూపాయలు ఇవ్వడానికి ఏడ్చిన చేతులే అవి.

ఫొటో అంటే గుర్తొచ్చింది, ఆ వెన్నెల పోసినట్టున్న తెల్లటి ఇసుక. అందులో చాలా భాగం పారట్ ఫిష్ అనే రంగురంగుల చేప పగడాలను కొరికి నమిలి మింగి, వెనకనుంచి వదిలిన సరుకు. శాస్త్రజ్ఞులు నిదానంగా లెక్కకట్టి మరీ తేల్చిన విషయం. దాన్నే గుప్పిట్లో పట్టుకుని వేళ్ల సందుల్లోంచి జారవిడుస్తూ, కాలం గురించి తాత్వికంగా నాలుగు ముక్కలు రాసినవాళ్లు మన స్నేహితుల్లో కనీసం ఒకరుంటారు. చేపకు రాయల్టీ లేదు.

నీళ్ల మీద కట్టిన విల్లా కూడా ఒక తమాషా. 2009 అక్టోబరులో అప్పటి అధ్యక్షుడు మహమ్మద్ నషీద్ మంత్రులను గాలి సిలిండర్లతో సముద్రం అడుగున కూర్చోబెట్టి మంత్రివర్గ సమావేశం పెట్టాడు. సముద్రం పెరిగితే మా దేశం ఇలాగే ఉంటుందని ప్రపంచానికి చూపించడానికి. ప్రపంచం చూసింది. చూసి, ‘నీళ్లలో కూర్చుంటే భలే ఉంది’ అనుకుని గది బుక్ చేసుకుంది. నేల సగటు ఎత్తు మనిషి ఎత్తు కూడా దాటని ఆ దేశంలో, డీజిల్ జనరేటర్లు తిప్పి ఉప్పునీటిని మంచినీరు చేస్తే, ఆ మంచినీటితో నింపిన సొంత కొలనులో, సముద్రానికి రెండడుగుల దూరంలో, మీరు ఈదుతారు. దానికి గ్రీన్ టాక్స్ కడతారు, మనసు తేలికపడుతుంది. మీరు పారేసినది ఎటు పోతుందో అడక్కండి. మాలేకు దగ్గర్లో తిలఫుషీ అని ఒక దీవి ఉంది. 1990ల మొదటి నుంచి చెత్త పోసి పోసి పైకి తేల్చిన దీవి. ఏళ్ల తరబడి అక్కడినుంచి పొగ లేస్తూనే ఉండేది. దాని ఫొటో ఏ ప్యాకేజీ కరపత్రంలోనూ లేదు. కష్టపడి మనుషులు కట్టిన దీవి, పాపం, దానికే గుర్తింపు లేదు.

మనవాళ్ల ప్రయాణానికి ఇంకో ప్రత్యేకత ఉంది, సెలవులు. బడులు మూసేది ఎండాకాలంలో. మే, జూన్ నెలల్లో అక్కడ గదులు సగం ధరకు వస్తాయి. ఎందుకొస్తాయని అడిగే అలవాటు మనకు లేదు, డిస్కౌంటును ప్రశ్నించడం తెలుగింట అమంగళం. కేరళను తడిపే నైరుతి రుతుపవనాలు పక్కనే ఉన్న మాల్దీవులను మాత్రం ‘వీళ్లు హైదరాబాదు నుంచి వచ్చారు’ అని వదిలిపెడతాయా? ఎండ తప్పించుకోవడానికి లక్షలు పోసి, బాల్కనీలో దుప్పటి కప్పుకుని వాన చూసి వస్తారు. కరపత్రంలోని నీలం రంగు జనవరిలో తీసింది.

దేశభక్తి సంగతి చెప్పకుండా ముగిస్తే అన్యాయం. 2024 జనవరిలో ప్రధాని మోదీ లక్షద్వీప్‌లో ఫొటోలు దిగారు. దాని మీద మాల్దీవుల ఉపమంత్రులు ముగ్గురు నోరు జారారు, వాళ్లను ఆ ప్రభుత్వమే పక్కన పెట్టింది. మన దగ్గర మాత్రం రాత్రికి రాత్రి ప్రతి ఫోనులోంచీ ఒక సైనికుడు లేచాడు. బుకింగులు రద్దు, చలో లక్షద్వీప్! చిత్రమేమిటంటే డబ్బు వాపసు వచ్చే బుకింగులున్నవాళ్ల గొంతే గట్టిగా వినిపించింది. వాపసు రానివాళ్లు అంతర్జాతీయ సంబంధాల్లో సంయమనం అవసరమన్నారు. లక్షద్వీప్ వెళ్లాలంటే భారతీయుడికి కూడా అనుమతిపత్రం కావాలనీ, అక్కడ గదులు వేళ్ల మీద లెక్కపెట్టగలిగినన్నే ఉంటాయనీ చలో అన్నవాళ్లలో ఎందరికి తెలుసు? 2023లో మాల్దీవులకు అన్ని దేశాలకంటే ఎక్కువమందిని పంపింది మనమే, రెండు లక్షల పైచిలుకు. మరుసటేడు ఆ సంఖ్య బాగా పడిపోయింది. 2025 జూలైలో ఆ దేశపు అరవయ్యో స్వాతంత్ర్య దినోత్సవానికి మోదీయే ముఖ్య అతిథిగా వెళ్లారు. వెంటనే మన సైనికులు ఆయుధాలు దించి, ప్యాకేజీలు వెతకడం మొదలెట్టారు.

ఇన్ని మాటలన్నాక ఒక్క మంచి సలహా అయినా ఇవ్వాలి కదా, ఇస్తాను. 2009 నుంచి జనం ఉన్న దీవుల్లో కూడా గెస్ట్‌హౌసులకు అనుమతి ఉంది. మాఫుషీ లాంటి చోట్ల రిసార్టు అద్దెలో చిన్న ముక్కకే గది దొరుకుతుంది. సముద్రం అదే, చేపలు అవే, ఇసుకను తయారుచేసిందీ ఆ చేపే. పొద్దున్నే వీధిలో ట్యూనా, కొబ్బరి కలిపిన మస్‌హునీ, రొట్టె తినొచ్చు. పిల్లలు బడికి పోతుంటారు, ముసలాళ్లు ఊయల కుర్చీల్లో కబుర్లు చెప్పుకుంటారు, మసీదులోంచి బాంగు వినిపిస్తుంది. ఊళ్లో ఒంటినిండా బట్ట కట్టుకోవాలి, ఈతబట్టలకు వేరే తీరం కేటాయించారు. మందు దొరకదు. శుక్రవారం సర్కారు పడవలు చాలావరకు నడవవు, కాబట్టి గురువారమే చూసుకోవాలి.

ఈ సంగతి చెప్పగానే మన పండితుడు మొహం అదోలా పెడతాడు. ‘అక్కడ లోకల్ వాళ్లుంటారటండీ,’ అంటాడు గొంతు తగ్గించి.

అందుకని అతను మళ్లీ రిసార్టుకే వెళ్తాడు. ఈసారి పెళ్లిరోజు ప్యాకేజీ. కేకు ఉచితమే, కాకపోతే ఆ తేదీ నిజమేనని మ్యారేజ్ సర్టిఫికెట్ చూపించమంటారు, పెళ్లయి పదహారేళ్లయినా సరే. పొద్దున తేలియాడే పళ్లెంలో టిఫిను పెట్టించుకుంటాడు, దానికి వేరే చార్జి. రొట్టె ముక్కను కాకి ఎత్తుకుపోతుంది, కాకికి ప్లస్ ప్లస్ లేదు. వచ్చేటప్పుడు వీసా ఉచితం కాబట్టి దేశం మంచిదంటాడు. వెళ్లేటప్పుడు ఎకానమీ ప్రయాణికుడికి 50 డాలర్ల డిపార్చర్ టాక్స్ టికెట్లోనే కలిసిపోయి ఉంటుంది కాబట్టి అతనికది కనబడదు. బిజినెస్ క్లాసుకు 120, ఫస్ట్ క్లాసుకు 240, సొంత విమానంలో వెళ్లేవాడికి 480. ఆ 480 గురించి మాత్రం అతను అందరికీ చెబుతాడు, తనకూ దానికీ ఏదో చుట్టరికం ఉన్నట్టు. కార్డు బిల్లును పన్నెండు వాయిదాలుగా మార్చుకున్న సంగతి చెప్పడు.