కోర్టెందుకు, కూసొని మాట్లాడుకుందాం

దేశంలో అన్నింటికన్నా వేగంగా న్యాయం దొరికే చోటు ఏదని ఎవరైనా అడిగితే ఢిల్లీ దాకా పోనక్కర్లేదు. నిజామాబాద్ నుంచి బోధన్ పోయే తొవ్వలో, అర్సపల్లి దాటినాక, జానకంపేట దగ్గరో ఎడపల్లి దగ్గరో కారు ఒక నడిచే మనిషిని గుద్దితే చాలు, పావుగంటలో ధర్మాసనం కొలువుదీరుతుంది. ఛాయ్ హోటల్ బెంచీయే న్యాయపీఠం. జడ్జీలు ముగ్గురో నలుగురో ఉంటారు. అందరూ కారాయనకు తెలిసినవాళ్లే కాబట్టి పరిచయాలకు టైము వృథా కాదు. ఫిర్యాదుదారు మాత్రం మోకాలు పట్టుకొని కింద కూర్చొని ఉంటుంది. పక్కన తెగిన చెప్పు, చిరిగిన సంచి, అందులోంచి రోడ్డు మీద చెదిరిపోయిన తునికాకు.

"పిల్లగాడు కావాలని గుద్దిండా అక్కా? నువ్వే ఒక్కసారి అడ్డమొస్తివి."

"కేసు వెడితే ఏమొస్తది చెప్పు? ఏండ్లకేండ్లు తిరుగుడే. వకీలుకు సగం, బస్సు కిరాయిలకు సగం."

"గీ ఐదువేలు వట్టుకో. ఎక్స్‌రే తీపిచ్చుకో. మిగిలినయి పండ్లకు, పాలకు."

తీర్పు అయిపోయింది. అప్పీలు లేదు. ఛాయ్ పైసలు కూడా కారాయనే ఇస్తాడు.

ఈ పెద్దమనుషుల మీద నాకున్న గౌరవం మాటల్లో చెప్పలేనిది. ఎక్స్‌రే తీయకముందే ఎముక విరగలేదని చూపుతోనే తేల్చేస్తారు. ఖలీల్‌వాడిలో ఇన్ని ప్రైవేటు దవాఖానలెందుకో, అన్ని స్కానింగ్ మిషన్లెందుకో నాకు అర్థం కాదు. ఇద్దరు పెద్దమనుషులను రిసెప్షన్‌లో కూర్చోబెడితే సరిపోయేది.

ఈ వ్యవహారంలో నాకు తెగని చిక్కు ఒకటుంది. కారాయన జేబులోంచి ఐదువేలు ఎందుకు తీస్తున్నాడు?

బండి రోడ్డెక్కాలంటే థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ ఉండి తీరాలని మోటారు వాహనాల చట్టం, 1988 చెబుతోంది. 146వ సెక్షన్. వెయ్యి నుంచి 1500 సీసీ కారుకు ఆ ప్రీమియం 2022లో ఖరారు చేసిన రేటు ప్రకారం ఏడాదికి 3,416 రూపాయలు, జీఎస్టీ వేరే. ఆ పైసలు కట్టిందే ఇలాంటి రోజు కోసం. దెబ్బ తిన్న మనిషికి ఇవ్వాల్సింది కంపెనీ ఇస్తుంది, ఓనరు చేతి చమురు వదలదు. అయినా మన కారాయన పాలసీ మాట ఎత్తడు, పర్సు తీస్తాడు. దీన్ని ఊళ్లో మంచితనం అంటారు. నేను మాత్రం ఆ మంచితనం చూడగానే డ్యాష్‌బోర్డు తెరిచి చూడాలనుకుంటాను. పాలసీ గడువు దాటి ఉంటుంది, లేదా బండి నడిపిన పిల్లగాడికి లైసెన్సు వయసే రాలేదు, లేదా మధ్యాహ్నం దావత్ వాసన ఇంకా పోలేదు. పర్సు ఎంత తొందరగా బయటికొస్తే కాగితాల్లో అంత పెద్ద బొక్క ఉన్నట్టు లెక్క.

లైసెన్సు లోపమున్నా దెబ్బ తిన్న మనిషి నష్టపోనక్కర్లేదని 2004లోనే సుప్రీంకోర్టు స్వరణ్ సింగ్ కేసులో దారి చూపింది. ముందు కంపెనీ కట్టాలి, తర్వాత ఓనరు దగ్గర వసూలు చేసుకోవాలి. పాలసీయే లేకపోతే ఓనరే కట్టాలి, ఆస్తి అమ్మైనా సరే. బెంచీ మీద తీర్పు చెప్పే పెద్దమనిషికి ఈ ముక్క తెలియక కాదు. తెలిసినందుకే అంత తొందర.

ఇప్పుడు ఆ తునికాకు సంచి దగ్గరికొద్దాం. నిజామాబాద్ జిల్లాలో బీడీలు చుట్టే ఆడవాళ్లు లేని వాడ దొరకడం కష్టం. ఆమెకు నలభై నాలుగేళ్లనుకుందాం. బీడీలు, ఇంటి పని అన్నీ కలిపి నెలకు 8,000 సంపాదనగా కోర్టు ఒప్పుకుందనుకుందాం. కాలు విరిగి, అతికినా వంకర పోయి, మునుపటిలా కూర్చొని చుట్టలేక ఆమె పనిలో ఐదో వంతు పోయిందని డాక్టరు సాక్ష్యం చెప్పాడనుకుందాం. శరీరం ఎంత దెబ్బతింది అన్నది కాదు, చేసే పని ఎంత దెబ్బతింది అన్నదే చూడాలని 2010లో రాజ్‌కుమార్ కేసులో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది. నెలకు 8,000 అంటే ఏడాదికి 96,000. నలభై నుంచి యాభై మధ్య సొంత పని చేసుకునేవాళ్లకు భవిష్యత్తులో పెరిగే ఆదాయం కింద పాతిక శాతం కలపాలని 2017 నాటి ప్రణయ్ సేథీ తీర్పు. లక్షా ఇరవై వేలు. ఆ వయసుకు 14తో గుణించాలని 2009 నాటి సరళా వర్మ తీర్పులోని పట్టిక. పదహారు లక్షల ఎనభై వేలు. అందులో ఐదో వంతు 3,36,000. దవాఖాన బిల్లులు, నొప్పికి, మంచంలో పడ్డ రోజుల కూలికి వేరే లెక్క. దరఖాస్తు వేసిన నాటి నుంచి వడ్డీ కూడా అడగొచ్చు.

బెంచీ తీర్పు ఐదువేలు. దయగల పెద్దలైతే పదివేలు.

"ఇంట్లుండే ఆడిమనిషికి సంపాదన ఏంది?" అని బెంచీ మీద రెండో జడ్జి అడుగుతాడు. ఆ ప్రశ్న సుప్రీంకోర్టు ముందుకూ వెళ్లింది. 2021 జనవరిలో కీర్తి కేసులో అప్పటి మన కృష్ణా జిల్లా పొన్నవరం నుంచి వెళ్లిన జస్టిస్ ఎన్.వి. రమణ విడిగా తీర్పు రాసి, ఇంటి పనికి విలువ కట్టకపోవడం ఎంత తప్పో వివరించారు. 2011 జనాభా లెక్కల్లో ఇంటి పనే తమ ప్రధాన వృత్తి అని చెప్పుకున్న ఆడవాళ్లు దాదాపు 16 కోట్లు, మగవాళ్లు 58 లక్షలు అని అందులో గుర్తు చేశారు. మన బీడీ అక్కకైతే అదీ అవసరం లేదు. పీఎఫ్ నంబరుంది, కంపెనీ పాసు పుస్తకముంది, ఆ పీఎఫ్ చూసే ప్రభుత్వం బీడీ కార్మికుల పింఛను ఇస్తోంది. సంపాదన ఉందనడానికి ఇంత మంది సాక్షులున్న మనిషిని పట్టుకొని ఇంట్లో ఉంటుందనడానికి ఎంత గుండె ధైర్యం కావాలి!

ఇక అసలు బ్రహ్మాస్త్రం, "అడ్డమొచ్చింది". కారు ఎప్పుడూ నేరుగా, నెమ్మదిగా, మర్యాదగా పోతూ ఉంటుంది. మనిషే ఎక్కడి నుంచో ఊడిపడి దాని ముందు దూకుతాడు. ఇన్సూరెన్స్ కంపెనీలు మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్లో వేసే కౌంటర్లు చదివితే ఈ దేశంలో పాదచారులంతా పొద్దున లేచి బంపర్లు వెతుక్కుంటూ బయల్దేరతారన్న నమ్మకం కలుగుతుంది. కేంద్ర రోడ్డు రవాణా శాఖ లెక్కల ప్రకారం 2022లో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోతే, అందులో 32,825 మంది నడిచి పోతున్నవాళ్లే. ఇంతమందికి ఒకేసారి దూకే బుద్ధి పుట్టిందన్నమాట.

ఆమె మరి ఎక్కడ నడవాలి? ఊళ్లో ఫుట్‌పాత్ ఉన్న చోట బట్టల స్టాండు, అది లేని చోట బైకులు, అదీ లేని చోట మోరీ. ఊరు దాటితే తారు అంచున మట్టి, చెరకు నరుకుడు రోజుల్లో ఆ మట్టి మీద రెండు ట్రాలీల లోడుతో ట్రాక్టరు, వెనక ఎర్ర లైటుండదు. 2025 మేలో సుప్రీంకోర్టు ఫుట్‌పాత్ మీద నడిచే హక్కు రాజ్యాంగం 21వ అధికరణం కిందికి వస్తుందని చెప్పింది. మంచి మాట. బట్టల స్టాండు వాళ్లకు ఎవరైనా చదివి వినిపించాలి.

పోనీ, ఆమె అడ్డమొచ్చిందనే అనుకుందాం. దానికీ చట్టంలో జవాబుంది. 2019లో సవరించిన 164వ సెక్షన్ 2022 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. తప్పెవరిదో నిరూపించే పనే లేదు. చనిపోతే ఐదు లక్షలు, తీవ్రంగా గాయపడితే రెండున్నర లక్షలు. తీవ్ర గాయం అంటే కాళ్లు చేతులు తెగిపడనక్కర్లేదు, ఎముక విరిగితే చాలు. పన్ను విరిగినా అందులోకే వస్తుంది. పన్నుకు రెండున్నర లక్షలు పలికే దేశంలో బోధన్ రోడ్డు బెంచీ మీద కాలు ఐదువేలకు పోతోంది. డ్రైవరు తప్పు నిరూపించి అంతకన్నా ఎక్కువ అడగాలనుకుంటే 166వ సెక్షన్ వేరే ఉంది.

కారుకు స్టిక్కరుంటే బెంచీ ఇంకా ముచ్చటగా పనిచేస్తుంది. 2022 మార్చిలో హైదరాబాద్ జూబ్లీహిల్స్‌లో రోడ్డు దాటుతున్న, బుడగలు అమ్ముకునే మహిళలను ఒక కారు గుద్దింది. ఒకామె చేతుల్లోని నెలల పసికందు ప్రాణం పోయింది. ఆ కారు మీద అప్పటి బోధన్ ఎమ్మెల్యే పేరున్న స్టిక్కరుంది. నడిపింది ఎవరు, తప్పెవరిది అన్నవి కోర్టులు తేల్చాల్సినవి, నేను తేల్చను. నా చూపు ఆ స్టిక్కరు మీదే. పొట్టకూటికి పరాయి రాష్ట్రం నుంచి వచ్చిన తల్లికి పాలసీ కాపీ అడగొచ్చని ఎవరు చెబుతారు? ట్రిబ్యునల్లో దరఖాస్తు ప్రమాదం జరిగిన చోటే వేయనక్కర్లేదు, తామున్న చోట కూడా వేసుకోవచ్చని ఎవరు చెబుతారు? స్టిక్కరు అతికించడానికి మాత్రం మనిషి దొరుకుతాడు.

గుద్ది ఆగకుండా పోయినవాళ్ల సంగతి ఇంకా హాయి. అక్కడ బెంచీ కూడా అవసరం లేదు. బండి దొరక్కపోయినా ప్రభుత్వ పథకం కింద చనిపోతే రెండు లక్షలు, తీవ్రంగా గాయపడితే యాభై వేలు వస్తాయి. 2022లో దేశంలో గుద్ది పారిపోయిన ప్రమాదాలు 67,387. 2022-23లో ఆ పథకం కింద వచ్చిన దరఖాస్తులు 205. ఈ లెక్క చూసి 2024 జనవరిలో సుప్రీంకోర్టే ముక్కున వేలేసుకొని, పథకం గురించి బాధితులకు పోలీసులే చెప్పాలని ఆదేశించింది.

"ఏండ్లకేండ్లు పడతది" అన్న మాటలో నిజం లేదనను. పడుతుంది. వాయిదాలుంటాయి, డాక్టరు సాక్ష్యానికి రాడు, సమన్లు అందవు. కానీ ఈ మాట బోధన్ వాళ్లకా చెప్పేది? 1937లో నిజాం కట్టించిన చక్కెర ఫ్యాక్టరీ, ఒకప్పుడు ఆసియాలోనే పెద్దదని చెప్పుకున్నది, 2002లో ప్రైవేటు చేతుల్లోకి పోయి 2015లో మూతపడింది. అప్పటి నుంచి ఆ ఫ్యాక్టరీ ఉన్న శక్కర్‌నగర్ ప్రతి ఎన్నికలకూ అది తెరుస్తామన్న మాట వింటూనే ఉంది. ఇంత ఎదురుచూసినవాళ్లకు మూడు లక్షలకు, అదీ వడ్డీతో, ఎదురుచూడటం చాతకాదా? తొందర ఎదురుచూసేవాళ్లది కాదు. రాజీయే కావాలంటే లోక్ అదాలత్ ఉంది. అక్కడ కుదిరిన రాజీకి సివిల్ కోర్టు డిక్రీకున్నంత బలముంటుంది, ఇన్సూరెన్స్ కంపెనీ కూడా అక్కడికొచ్చి కూర్చుంటుంది. కూర్చొని మాట్లాడుకోవడం అంటే అంత ఇష్టమున్న పెద్దమనుషులు అక్కడికి మాత్రం రారు.

దవాఖాన గేటు దగ్గర తచ్చాడే దళారులను చూపించి కోర్టు వద్దనేవాళ్లూ ఉన్నారు. వచ్చిన దాంట్లో ఇంత శాతమని వకీళ్లు బేరమాడటం బార్ కౌన్సిల్ నియమాలకే విరుద్ధం. దొంగ క్లెయిముల మీద 2015లో అలహాబాద్ హైకోర్టు ప్రత్యేక దర్యాప్తు బృందం కూడా వేయించింది. దొంగలున్నారు కాబట్టి కాలు విరిగినవాళ్లు ఇంటికి పోవాలనడం మాత్రం మన బెంచీకే చెల్లింది.

బెంచీ చేతిలో ఇంకో ఉపాయముంది, గడువు. "కేసు వద్దు, మందుల ఖర్చు నెలనెలా ఇస్తడు" అంటారు. ఒక నెల ఇస్తాడు. తర్వాత పండుగ కానీ అంటాడు, చెరకు పైసలు రానీ అంటాడు. ట్రిబ్యునల్లో దరఖాస్తుకు ఆరు నెలల గడువు అదే 2019 సవరణతో మళ్లీ వచ్చింది. అది చెల్లుతుందా అన్న వివాదం సుప్రీంకోర్టు దాకా పోయింది గాని, పెద్దమనుషులకు ఆ ఆరు నెలలు వేళ్ల మీద లెక్క. ప్రమాదమైన 48 గంటల్లో పోలీసులు ట్రిబ్యునల్‌కు తొలి నివేదిక పంపాలని 2022 నాటి నిబంధనలు చెబుతున్నాయి. ఠాణాకే పోనీయకపోతే ఆ గడియారం తిరగనే తిరగదు.

చివరగా తెల్ల కాగితం. ఇది లేకుండా ఏ తెంపుడూ పూర్తి కాదు. పక్క దుకాణంలో కొన్న స్టాంపు పేపరైతే మరీ మర్యాద. "నేను నా అజాగ్రత్త వల్ల రోడ్డుకు అడ్డం వచ్చినందున ప్రమాదం జరిగినది, కారు డ్రైవరు తప్పు ఏమీ లేదు, ఖర్చులన్నీ ముట్టినవి, ఇకపై ఎలాంటి కేసు పెట్టను" అని బెంచీ మీది మూడో జడ్జి తన అందమైన చేతిరాతతో రాస్తాడు. చదివి వినిపించడు. అక్క వేలిముద్ర వేస్తుంది. నాలుగు నెలలకు కాలు అతకక, రెండో ఆపరేషన్ అన్నప్పుడు కొడుకు ఎవరో చెబితే వకీలు దగ్గరికి పోతాడు, దరఖాస్తు పడుతుంది. అప్పుడు ఇన్సూరెన్స్ కంపెనీ వకీలు ఫైలులోంచి ఆ కాగితం తీసి, కంపెనీ తరఫు మొదటి దస్తావేజుగా గుర్తించమని కోర్టును కోరతాడు. దాని కింద సాక్షులుగా సంతకాలు చేసిన ముగ్గురు పెద్దమనుషులకు సమన్లు వెళ్తాయి. ముగ్గురూ ఊళ్లో ఉండరు.