కోటి రూపాయల టీ బడ్డీ

శ్రీకాకుళము జిల్లానుండి విశాఖకు వచ్చి, అచట ఓడనెక్కి, అండమానున దిగి, మా లంబాలైనులో విమానాశ్రయపు త్రోవన ఒక రేకుల బడ్డీ వేసికొని, రెండు బెంచీలతోను ఒక గ్యాసు పొయ్యితోను పాతికేండ్లుగా టీ కాచుచున్న మా వీధి బాబాయి, మొన్న ఆదివారమునాడు, ఏ లాటరీయు తగులకయే కోటీశ్వరుడయ్యెను. హైదరాబాదులో ఏదో స్టార్టప్‌లో పనిచేయు అల్లుడు సెలవులకు వచ్చి, మామగారి చేతిలో లక్ష రూపాయలు పెట్టి, బడ్డీలో నూటికొక వంతు తన పేర వ్రాయించుకొనెను. నూటికొకటి లక్షయైనచో నూటికి నూరు కోటియే గదా! గణితమున తప్పు లేదు. తక్కిన తొంబదితొమ్మిది వంతులను ఆ ధరకు కొనువాడు భూప్రపంచమున నొకడైన గలడా యనుట గణితశాస్త్రము పట్టించుకొను ప్రశ్న గాదు.

వెంచర్ పెట్టుబడిదారుల విలువకట్టుట యంతయు నీ గుణకారమే. 2022 జనవరిలో హైదరాబాదు సంస్థ డార్విన్‌బాక్స్ 7 కోట్ల 20 లక్షల డాలర్లు సేకరించి, వంద కోట్ల డాలర్లకు మించిన సంస్థగా పేరొందెను. అనగా ఎవరో వంద కోట్లు చెల్లించిరని గాదు. ఆ సంస్థ తన పని తాను చేసికొనుచున్నది. నాకు పేచీ గుణకారముతోనే. వంద కోట్ల డాలర్లు దాటిన ఇట్టి సంస్థలకు 2013లో ఐలీన్ లీ యను పెట్టుబడిదారురాలు యూనికార్నులని, అనగా ఒంటికొమ్ము గుఱ్ఱములని, పేరిడినది. మనకు తెలిసిన ఒంటికొమ్మువాడు ఋష్యశృంగుడొక్కడే. ఆయన కాలుమోపిన అంగదేశమున నిజముగనే వాన కురిసినది.

అల్లుడు కాగితమున నొక షరతును వ్రాయించెను: బడ్డీ అమ్ముడుపోయినను మూతపడినను, ముందుగా తన లక్ష తనకు రావలెను. రేపు రేకులు, బెంచీలు, పొయ్యి కలిపి లక్షన్నర పలికినచో, ఒక వంతువాడు లక్షయు, తొంబదితొమ్మిది వంతులవాడు ఏబదివేలును పుచ్చుకొందురు. అయినను విలువ చెప్పునప్పుడు మాత్రము ఇద్దరి వంతులకును ఒకే ధర! గోర్నల్, స్ట్రెబులేవ్ అను ఆచార్యులు 135 అమెరికా యూనికార్నుల షరతులను విప్పిచూచి, ప్రకటిత విలువలు న్యాయమైన విలువకంటె సగటున నూటికి 48 వంతులు హెచ్చనియు, 65 సంస్థలకు ఆ కొమ్మే నిలువదనియు 2020లో ప్రకటించిరి.

ఇక చదువుల యాప్ బైజూస్ సంగతి. 2022లో 2,200 కోట్ల డాలర్లని లోకము కీర్తించినది; అప్పులవారు కోర్టుకెక్కిన పిదప, 2024లో, అందు నూటికి 9.6 వంతులు గల ప్రోసస్ తన వాటాను సున్నగా వ్రాసికొనెను. సున్నను దేనితో గుణింపవలెనో చెప్పువారు లేరు.

మా కోటీశ్వరునకు అల్లుడిచ్చిన లక్ష గాజు తలుపులకును ఆంగ్లపు బోర్డునకును చెల్లిపోయినది. నిన్న ప్రొద్దున వచ్చి, "బాబూ, గేసు బండకి వెయ్యి తక్కువైనాది, మాపటికిచ్చేస్తాను" అని నాయొద్ద చేబదులు తీసికొనిపోయెను. ఇంకను ఈయలేదు.