గణపురం రెయిన్‌గేజ్ ఆత్మకథ

ఘనపూర్ అంటే రైలు దిగే స్టేషన్ ఘనపూర్ అనుకునేవాళ్లే ఎక్కువ. అది జనగామ జిల్లాలో ఉంది. ఈ కథ చెప్పే రెయిన్‌గేజ్ ఉన్నది భూపాలపల్లి దగ్గరి ఘనపూర్‌లో. కోటగుళ్లు, గణపసముద్రం ఉన్న ఊరు ఇది, రాతకోతల్లో గణపురం. అక్కడ ఒక ఆఫీసు ఆవరణలో రెయిన్‌గేజ్ సగం ఒళ్లు నేలలో పాతుకుని, మూతి మాత్రం జానెడున్నర పైకి పెట్టి నిలబడి ఉంటుంది. తన కథ తానే చెబుతుంది గానీ ‘నేను’ అనదు. పుట్టిన దగ్గర్నుంచి దాని సంగతంతా రిజిస్టర్లో ఇతరుల చేతిరాతలోనే పడింది. అందుకే తన గురించి కూడా ఎవరో మూడో మనిషి గురించి చెప్పినట్టే చెబుతుంది.

దాని ఒళ్లు చాలా సాదా. పైన గరాటు, కింద సీసా, చుట్టూ డొల్ల. రోజూ పొద్దున ఎనిమిదిన్నరకు ఒక మనిషి వస్తాడు, సీసా తీస్తాడు, నీళ్లను గీతలున్న గ్లాసులో పోసి మిల్లీమీటర్లు చూస్తాడు, రాసుకుంటాడు. నిన్న ఎనిమిదిన్నర తర్వాత పడిందంతా ఈరోజు తేదీ కిందికి వస్తుంది. సాయంత్రం కుండపోతగా కురిసి ఊరంతా మాట్లాడుకున్న వాన మర్నాటి లెక్కలో కనిపించడానికి కారణం ఇదే.

దీనికి చేతకాని పని ఒకటుంది. గాలి ఎంత వేగంగా వీచిందో చెప్పలేదు. ఆ చేతకానితనమే తన తెలివి అని రెయిన్‌గేజ్ గట్టిగా నమ్ముతుంది. ఎందుకంటే సముద్రం మీద పుట్టిన ప్రతి సుడికీ హోదా ఇచ్చేది గాలే. గాలి గంటకు 31 కిలోమీటర్లకు లోపలుంటే అల్పపీడనం. అక్కడి నుంచి 49 దాకా వాయుగుండం. 50 నుంచి 61 దాకా తీవ్ర వాయుగుండం. 62 తాకితేనే తుపాను, అప్పుడే దానికో పేరు. బంగాళాఖాతం, అరేబియా సముద్రాల్లో పుట్టే తుపాన్లకు 2004 నుంచి పేర్లు పెడుతున్నారు. ఇప్పుడు 13 దేశాలు ఇచ్చిన జాబితాలోంచి వరసగా తీస్తారు. పేరు వచ్చిందంటే టీవీల్లో బొమ్మ, ఊరూరా భయం. పేరు రాకపోతే వార్తల చివర ఒక్క వాక్యం: అల్పపీడన ప్రభావంతో అక్కడక్కడ వర్షాలు.

2023 జులైలో వచ్చిందీ ఆ ఒక్క వాక్యమే.

నెల చివరి వారంలో ఉత్తరాంధ్ర, దక్షిణ ఒడిశా తీరాల ఎదుట అల్పపీడనం ఏర్పడింది. కాస్త బలపడినా వాయుగుండం హోదా కూడా దక్కలేదు. పుష్యాల కార్తె నడుస్తోంది, పత్తి మొక్క ఇంకా చిన్నది, చాలాచోట్ల నాట్లు సాగుతున్నాయి. ముసురు పట్టిందని జనం మొదట సంతోషించారు కూడా. 26వ తేదీ రాత్రి ఆ ముసురు తీరు మారింది. 27 పొద్దున ఎనిమిదిన్నరకు లెక్క తీస్తే ములుగు జిల్లా వెంకటాపూర్ మండలం లక్ష్మీదేవిపేటలో 649.8 మిల్లీమీటర్లు. గణపురానికి పక్క మండలమే అది. భూపాలపల్లి జిల్లా చిట్యాలలోనూ 600 దాటింది. తెలంగాణలో అంతకుముందు ఒక్కరోజు రికార్డు 2013 జులై 19న వాజేడులో కురిసిన 517.5 మిల్లీమీటర్లు. దాన్ని చెరిపేసింది పేరున్న తుపాను కాదు, వాయుగుండమైనా కాని అల్పపీడనం.

ఆ అంకె ఎంత పెద్దదో రెయిన్‌గేజ్‌కు తన సీసాతో తెలుస్తుంది. గరాటు వైశాల్యం 200 చదరపు సెంటీమీటర్లుండే రకంలో 649.8 మిల్లీమీటర్లంటే దాదాపు 13 లీటర్ల నీళ్లు. ఈ జాతిలో పెట్టే పెద్ద సీసా 10 లీటర్లది. లక్ష్మీదేవిపేటలో ఉన్నది ఆటోమేటిక్ కేంద్రం. లోపల రెండు చిన్న గిన్నెలు తూగుడుబల్లలా అటూ ఇటూ ఒరిగి నీళ్లు వంపుతుంటే, ఒరిగిన ప్రతిసారీ ఒక లెక్క పడుతుంది. వాన మరీ జోరైతే గిన్నె ఒరిగేలోపే కొంత నీరు లెక్క తప్పుతుంది. అంటే అసలు కురిసింది ఇంకొంచెం ఎక్కువే కావచ్చని పాత రెయిన్‌గేజ్ సన్నాయి నొక్కులు నొక్కుతుంది. కొత్త యంత్రం మీద దానికి కొంచెం అసూయ ఉంది, ఆ మాట ఒప్పుకోదు. ఎకరం లెక్కన చూస్తే మాత్రం అంకె ఎవరికైనా అర్థమవుతుంది: ఒక్క రోజులో ఎకరం నేల మీద 26 లక్షల లీటర్లు. రాష్ట్రంలో వానాకాలం నాలుగు నెలల సగటే సుమారు 740 మిల్లీమీటర్లు.

ఆ నీళ్లకు దారి కావాలి. చెరువులన్నీ మత్తడి దుంకాయి. తెల్లవారకముందే మోరంచవాగు పొంగి మోరంచపల్లి మీద పడింది. జనం డాబాల మీదికి, చెట్ల మీదికి ఎక్కారు. పడవలు, హెలికాప్టర్లు వచ్చేదాకా అక్కడే. నలుగురు కొట్టుకుపోయారు. గొడ్లూ గోదా, గింజలు, సామాను అన్నీ పోయాయి. నైన్‌పాకలో జేసీబీ ఎక్కి ప్రాణాలు నిలుపుకున్న ఆరుగుర్ని వైమానిక దళం హెలికాప్టర్ బయటికి తెచ్చింది. నీరు తీశాక పొలాల్లో మిగిలింది ఇసుక మేటలు. గాలికి ఎగిరిపోయిన పైకప్పు కోసం వెతికితే ఆ ఊళ్లలో ఏం దొరికేది? హాని అంతా నీళ్లదే.

బలహీనమైన సుడి ఇంత నీరు ఎలా కుమ్మరిస్తుంది? తుపాను సాధారణంగా తొందర మనిషి. తీరం దాటుతుంది, విరుచుకుపడుతుంది, పోతుంది. వానాకాలపు అల్పపీడనం నిదానస్తుడు. నైరుతి గాలులు మోసుకొచ్చే తేమను రోజుల తరబడి లాగుతూ ఒకేచోట ఉన్నట్టు మెల్లగా కదులుతుంది. ఇంకో సంగతి, ఇలాంటి వాటికి ఎక్కువ వాన పడేది కేంద్రం కింద కాదు, దానికి నైరుతి దిక్కున. ఒడిశా, ఉత్తరాంధ్ర తీరం దాటి పడమటి వాయవ్యంగా పోయే సుడికి నైరుతిన ఏముంది? ఉత్తర తెలంగాణ. టీవీలో బాణం గుర్తు ఒడిశా మీద తిరుగుతుంటే నీళ్లు భూపాలపల్లిలో పడతాయి.

అల్పపీడనాల్ని తిట్టడం మాత్రం రెయిన్‌గేజ్‌కు ఇష్టం లేదు. వానాకాలంలో సగటున పదమూడు, పద్నాలుగు దాకా వస్తాయి. అవి రాకపోతే కాకతీయుల నాటి గణపసముద్రం నిండదు, దాని కింది వరి పండదు. రిజిస్టర్ తిరగేస్తే మంచి పేజీలన్నీ ఈ పేరులేని వాటి పుణ్యమే.

మహబూబాబాద్ వైపు మరో సంవత్సరం వేరే పాఠం. 2024 ఆగస్టు 31 అర్ధరాత్రి దాటాక వాయుగుండం కళింగపట్నం దగ్గర తీరం దాటింది. తుపాను కాదు, కాబట్టి పేరు లేదు. సెప్టెంబరు 1కి కేసముద్రం, ఇంటికన్నె మధ్య పట్టాల కింది కంకర, మట్టి కొట్టుకుపోయి రైలు పట్టాలు గాల్లో వేలాడాయి. కాజీపేట, విజయవాడ మార్గం ఆగిపోయింది. 4వ తేదీకి గానీ బళ్లు కదలలేదు. ఆకేరు, మున్నేరు పొంగి ఖమ్మం దాకా ఇళ్లు ముంచాయి.

2025 అక్టోబరులో పేరున్నదే వచ్చింది, మొంథా. థాయ్‌లాండ్ ఇచ్చిన పేరు. 28 రాత్రి నరసాపురం దగ్గర తీవ్ర తుపానుగా తీరం దాటింది, మర్నాటికి తెలంగాణ మీద బలం తగ్గి వాయుగుండమైంది. ‘బలహీనపడింది’ అన్న మాట విని ఊపిరి పీల్చుకున్నవాళ్లు ఎందరో. బలహీనపడింది గాలి. భీమదేవరపల్లిలో 40 సెంటీమీటర్లు దాటింది, వరంగల్, హనుమకొండ కాలనీలు మునిగాయి, డోర్నకల్ స్టేషన్లో పట్టాల మీద నీళ్లు పారాయి. స్వాతి కార్తెలో వాన ఎవరికి కావాలి? కోసిన వరి కళ్లాల్లో ఉంది, పత్తి చేన్ల మీద ఉంది.

పై అంచుల లెక్కలు అందరికీ తెలుసు. ఒక్కరోజులో 204.5 మిల్లీమీటర్లు తాకితే వాతావరణ శాఖ భాషలో అత్యంత భారీ వర్షం. లక్ష్మీదేవిపేట దానికి మూడింతలు దాటినా ఆ పైన ఇంకో మెట్టు లేదు. కింది అంచు గురించే ఎవరూ మాట్లాడరు. 2.5 మిల్లీమీటర్లు పడితేనే దాన్ని వానరోజుగా లెక్క కడతారు. సుడి వెళ్లిపోయాక రెండు మూడు రోజులు మబ్బు వదలదు, సన్నటి తుంపర, సీసాలో ఒకటో ఒకటిన్నరో మిల్లీమీటరు. లెక్కకు అది వానరోజే కాదు. కానీ పత్తిలో తేమ 12 శాతం దాటితే పత్తి కొనే ప్రభుత్వ సంస్థ సీసీఐ కొనదు, వడ్లలో 17 దాటితే కొనుగోలు కేంద్రంలో కాంటా పెట్టరు. రిజిస్టర్లో ఆ రోజుల ఎదుట ఒకటిన్నర అని రాసి ఉంటుంది. చిట్యాల, గణపురం రైతులు టార్పాలిన్లు కప్పుతూ తీస్తూ, రాశిని ఎండకు తిరగేస్తూ, తేమ మీటర్ పట్టుకున్న మనిషి కోసం ఎదురుచూస్తూ ఉంటారు.