వెనక రింగు భాగోతం

మా పడమటి మండలాల్లో పాత మోపెడ్ బేరానికి వచ్చినవాడు ఇంజను సంగతి తర్వాత చూస్తాడు. ముందు వంగి వెనక చక్రం చూస్తాడు. మదనపల్లె టమోటా మార్కెట్టుకు టీవీఎస్ ఎక్సెల్ మీద వచ్చే క్రేట్లను చూస్తే కారణం తెలుస్తుంది. ఒక్కో క్రేటు పాతిక కిలోలు. అలాంటివి వెనక రెండు మూడు, వాటి మీద ఓ తమ్ముడు. ముందు చక్రం మర్యాదకు నేల మీద ఆనుతుందంతే, చాకిరీ అంతా వెనక రింగుదే.

అందుకే మా అల్లుడు "మామా, ట్రయల్స్ సైకిలుకు గట్టి వెనక రింగు కావాల" అంటే, అడగాల్సిన ఇలాకాలోనే అడిగాడనుకున్నాను.

ట్రయల్స్ పరుగుపందెం కాదు. సీటు కూడా లేని సైకిలు మీద నిలబడి, కాలు కింద పెట్టకుండా గుండ్లెక్కి దిగడం. స్పెయిన్‌లో మోటార్‌సైకిల్ ట్రయల్స్ ఆడే పెరె పీ అనే ఆయన, కొడుకు ఓట్ పీ కోసం ఓ చిన్న సైకిలు తయారుచేయడంతో ఈ పిచ్చి సైకిళ్లకూ పట్టింది. 2009లో డానీ మెకాస్కిల్ ఎడిన్‌బరోలో ఇనుప కంచె మీద సైకిలు తొక్కిన వీడియోతో లోకమంతా పాకింది. మోటార్‌సైకిల్ ట్రయల్స్‌లో కాలు ఆనిస్తే 1 తప్పు, పడిపోతే 5. ఆ లెక్కన వానాకాలం మా సందులో పాలు తేవడానికి పోయినవాడెవడూ ఐదుకు తగ్గడు.

గెంతినప్పుడల్లా మనిషి బరువంతా వెనక చక్రం మీదే దిగుతుంది, అదీ రాతి అంచు మీద. పట్టు కోసం గాలి తక్కువ పెడతారు గనుక టైరు అణిగిపోయి దెబ్బ నేరుగా రింగుకే తగులుతుంది. రింగుకు సొట్ట, ట్యూబుకు పక్కపక్కనే రెండు బొక్కలు.

మదనపల్లె సైకిలు షాపాయన అంతా విని, "గాలి ఎంత పెడతావు?" అన్నాడు.

"ఇరవై."

"నలభై కొట్టు. రింగుకు ఢోకా ఉండదు."

"నలభై కొడితే ఎగిరి నేను కింద పడతానన్నా."

"పడేది నువ్వు గదబ్బా, రింగు కాదు గదా!"

పుంగనూరులో పాల క్యాన్ల బండ్లకు చక్రాలు కట్టే మేస్త్రీ ఇంకాస్త పెద్దమనిషి. అల్లుడి సైకిలుకు వెనక చక్రం 19 అంగుళాలేనని తెలిసి సంతోషించాడు. "మా ఊరి ఆవును చూడు నాయనా, మూడడుగులు లేదు. దాన్నెవరైనా వంచగలరా? పుల్ల పొట్టిదైతే చక్రం గట్టిది." తర్వాత పాత చక్రాన్ని స్టాండుకెక్కించి, పుల్లలను గోటితో ఒక్కొక్కటే మీటుతూ విన్నాడు. అన్నీ "టింగ్" అంటుంటే ఒకటి "డబ్" మంది. దాని నిపిల్‌ను అర చుట్టు తిప్పి మళ్లీ మీటాడు. "సగం రింగులు రాయి తగిలి పోవు సామీ, వదులు పుల్లతో పోతాయి." నాకు దొరికిన సలహాల్లో డబ్బు ఇవ్వదగ్గది ఇదొక్కటే. ఆయన తీసుకోలేదు.

చివరికి బెంగళూరు నుంచి తెప్పించాం. 32 పుల్లలది, నాలుగున్నర సెంటీమీటర్లకు పైగా వెడల్పు. బరువు తగ్గాలని ఈ రింగులకు నడుమ వరసగా బొక్కలు పొడుస్తారు. బొక్క పెద్దదయ్యేకొద్దీ రింగుకు ఆయుష్షు తక్కువని, చిన్న బొక్కలదే ఎంచాం. మా అక్కయ్య బిల్లు చూసి, "బొక్కలక్కూడా రేటు కట్టినారా?" అంది.

అసలు పని అప్పుడే మొదలైంది. బ్రేకు రబ్బరు రింగును పట్టుకోవాలంటే నున్నగా ఉండకూడదట, కొత్త రింగు పక్కలను గ్రైండరుతో గరుకు చేయాలట. గ్రైండరు పట్టే చెయ్యి కావాలంటే కుప్పం గ్రానైట్ వాళ్లను మించినవాళ్లెవరు? అక్కడి పనివాడు రింగును అటూ ఇటూ తిప్పి, "ఇది కొత్తది సార్, పాతది తేపోండి" అని వెనక్కిచ్చాడు. అల్లుడు బతిమాలాడు. ఆయన నన్ను జాలిగా చూసి, చక్రం చుట్టూ అడ్డంగా సన్నటి గీతలు తీశాడు. నిప్పురవ్వలు లేవు, అల్యూమినియం గదా, బూడిదరంగు పొడి మాత్రం రాలింది. పని ముగించి, రింగును గుడ్డతో తుడిచి, చాలా మర్యాదగా అడిగాడు.

"పాలిష్ ఎప్పుడు పెట్టమంటారు సార్?"