అడ్మిషన్ల డైరెక్టర్ గారికి, సాయంత్రం 5 గంటల లోపు

మహారాజశ్రీ డీమ్డ్ విశ్వవిద్యాలయం అడ్మిషన్ల డైరెక్టర్ గారి దివ్య సముఖమునకు,

మిర్యాలగూడ నుంచి ఒక తెలుగు పంతులమ్మ నమస్కరించి వ్రాసుకొను విన్నపములు. ఇక్కడ మేమంతా క్షేమం. తమరు, తమరి సిబ్బంది, తమరి ప్రాంగణంలోని పచ్చిక, దాని మధ్యన తల్లిదండ్రులను ఊరేగించే బ్యాటరీ బండ్లు సైతం క్షేమమని తలుస్తాను.

విషయం: నిన్న రాత్రి 9.40కి తమరి సంస్థ నుంచి మా ఫోనుకు అందిన శుభవార్త.

తమరి ప్రవేశ పరీక్షలో మా అమ్మాయి కనబరిచిన ప్రతిభకు మెచ్చి మొదటి ఏడాది ట్యూషన్ ఫీజులో 25 శాతం మెరిట్ స్కాలర్‌షిప్ ప్రసాదించారట. సంతోషం. కంప్యూటర్ సైన్సులో సీటు కూడా ఖాయం చేశారట. మరీ సంతోషం. దాని కింద ఎర్ర అక్షరాల్లో ఇంకో ముక్క ఉంది. రేపు సాయంత్రం 5 గంటల లోపు రెండు లక్షలు కట్టకపోతే స్కాలర్‌షిప్ రద్దు, సీటు రద్దు, ఏప్రిల్‌లో కట్టిన 25 వేలు తిరిగి ఇవ్వబడవు. చివర చేతులు జోడించిన బొమ్మ.

ఆ రేపు ఈవేళే. ఈవేళ రెండో శనివారం. బ్యాంకులుండవు. రేపు ఆదివారం. రాత్రి తొమ్మిదీ నలభైకి ఫోను మోగించి, మర్నాడు బ్యాంకు లేని రోజున, సాయంత్రం అయిదింటికల్లా రెండు లక్షలు పెట్టమంటే ఏ ఇంట్లో ఉంటాయండీ? ఎవర్ని అడగమంటారు? తమరి కంప్యూటరుకు కేలెండరు తెలియదని సరిపెట్టుకుందామనుకున్నాను. తెలియకేం, బాగా తెలుసు. తెలిసే పెట్టారు. నిదానంగా ఆలోచిస్తే కట్టరని, గాభరా పడితే కడతారని మీకు తెలుసు.

క్షమించాలి, లేఖారచన నియమం తప్పాను. ఎనిమిదో తరగతికి నేనే చెబుతాను, పై అధికారికి రాసేటప్పుడు ఆవేశం కూడదని.

తమరి కౌన్సెలర్ అని చెప్పుకునే అమ్మాయికి ఫోన్ చేశాను. పాపం పాతికేళ్లు కూడా ఉండవు, గొంతు మాత్రం తేనె. "మీ పాప ఫ్యూచర్ కదా మేడమ్, డెసిషన్ త్వరగా తీసుకోవాలి" అంది. ఎప్‌సెట్ సీట్లు రాలేదు కదమ్మా, అవి వచ్చాక చెబుతామన్నాను. "అప్పటికి సీఎస్ఈ క్లోజ్ అయిపోతుంది మేడమ్" అంది. మరి డబ్బు కట్టాక అక్కడ మంచి కాలేజీ వస్తే వెనక్కి ఇస్తారా అన్నాను. "రీఫండ్ పాలసీ ప్రకారం ప్రాసెస్ చేస్తాం మేడమ్." ఆ పాలసీ ఏమిటో కాస్త చెప్పమన్నాను. లైను కట్ అయింది. మళ్ళీ చేస్తే ఇంకో అమ్మాయి ఎత్తి మొదటి నుంచి మొదలుపెట్టింది, అదే తేనెతో.

పాలసీ నాకు తెలియదనుకోకండి. పిల్లలు సీటు వద్దనుకుంటే డబ్బు వెనక్కివ్వాలని, ఒరిజినల్ సర్టిఫికెట్లు దగ్గర పెట్టుకోకూడదని యూజీసీ 2018లోనే ఉత్తర్వు ఇచ్చింది. 2024-25కి అయితే తేదీలతో సహా చెప్పింది: సెప్టెంబరు 30 లోపు మానేస్తే పూర్తి ఫీజు, అక్టోబరు 31 లోపు మానేస్తే వెయ్యి రూపాయలు మినహాయించుకుని మిగతాది. ఈ సంగతి తమరి రెండో అమ్మాయికి చదివి వినిపించాను. "అది ఫీజుకి మేడమ్. మీరు కట్టింది రిజిస్ట్రేషన్ అమౌంట్" అంది. ఇప్పుడు కట్టమంటున్న రెండు లక్షల్ని ఏమంటారమ్మా అని అడిగితే "సీట్ కన్ఫర్మేషన్ అమౌంట్" అట. ఫీజు అన్నది మీ దగ్గర ఎప్పుడు మొదలవుతుంది స్వామీ? అసలు మొదలవుతుందా?

నేను లెక్కల టీచర్ని కాను. అయినా కూడికలు వచ్చు. ట్యూషన్ ఏడాదికి 3,90,000. హాస్టలు, మెస్సు 1,60,000. నాలుగేళ్లకు 22 లక్షలు. తమరు ప్రసాదించిన స్కాలర్‌షిప్ 97,500, ఒక్క ఏడాదికి. రెండో ఏడాదికి కూడా కావాలంటే సీజీపీఏ 9 దాటాలని, ఒక్క సబ్జెక్టూ తప్పకూడదని చుక్క గుర్తు పెట్టి అడుగున చీమ తలకాయంత అక్షరాల్లో రాశారు. ఏటా ట్యూషన్ ఎంత పెంచుతారో ఆ అక్షరాల్లో కూడా రాయలేదు. హాస్టలు ఏసీదే తీసుకోవాలట, నాన్ ఏసీ గదులు నిండిపోయాయట. అడ్మిషన్లు ఇంకా నడుస్తుండగానే, చౌక గదులు మాత్రం ఎవరితో నిండాయో! తొమ్మిది వేలు బ్లేజరుకు. మిర్యాలగూడ ఎండలో పెరిగిన పిల్లకు బ్లేజరు.

అటు హైదరాబాద్‌లో కన్వీనర్ కోటాలో సీటొస్తే, ప్రభుత్వం ఖరారు చేసిన ట్యూషన్ ఫీజు 2025-26లో 45 వేల నుంచి లక్షన్నర పైదాకా ఉంది, కాలేజీని బట్టి. ఎప్‌సెట్‌లో మా అమ్మాయికి పద్నాలుగు వేల చిల్లర ర్యాంకు. లక్షా పాతిక వేల కాలేజీ వచ్చినా, బయట హాస్టల్లో పెట్టినా, నాలుగేళ్లకు మీరడిగిన దాంట్లో సగం కూడా కాదు. వస్తుందా రాదా అన్నది జూలైలోగానీ తెలియదు. 2025లో ఏం జరిగిందో చూడండి. మే 11న ర్యాంకులు, తొలి విడత సీట్లు జూలై మూడో వారంలో. ఈ రెండు నెలల సందే తమరి పంట కాలం. ర్యాంకు చేతికొచ్చి సీటు రాని ఇంట్లో నిద్ర ఉండదని, ఆ ఇంటికి రాత్రి తొమ్మిది దాటాక ఫోన్ చేస్తే పలుకుతారని మీ వాళ్లకు ఎవరో బాగానే తర్ఫీదు ఇచ్చారు.

సర్కారు వారు ఆ సందు పూడ్చి, జూన్ మొదట్లోనే సీట్లిస్తే మీ ఫోన్లు సగం మూగపోతాయి. ఎందుకు పూడ్చరో వారినే అడగాలి. దరఖాస్తుకు 900, కౌన్సెలింగ్‌కు 1,200 పుచ్చుకోవడంలో ఆలస్యం లేదు మరి. జేఈఈకి, ఇంకో రెండు మూడు యూనివర్సిటీల పరీక్షలకు కట్టినవి కలిపితే... వద్దు, ఆ లెక్క మా వారి దగ్గర దాచాను.

మేం బీదవాళ్లం కామని తమరు అనవచ్చు. ఒప్పుకుంటాను. నాకు సర్కారు జీతం, మా వారు రైస్ మిల్లులో అకౌంట్లు రాస్తారు. ఫీజు రీయింబర్స్‌మెంటుకు పట్నంలో ఆదాయ పరిమితి రెండు లక్షలు. మేం దాని దరిదాపుల్లో లేం. ప్రధానమంత్రి విద్యాలక్ష్మిలో వడ్డీ రాయితీ కావాలంటే కుటుంబ ఆదాయం ఎనిమిది లక్షలు దాటకూడదు. ఇద్దరి జీతాలూ కలిపితే అదీ దాటుతుంది. మామూలు రుణానికి బ్యాంకుకు వెళ్తే, ముందు అడ్మిషన్ లెటర్ తెమ్మన్నారు. అడ్మిషన్ లెటర్ ఇవ్వమంటే ముందు డబ్బు కట్టమంటారు మీరు. చిట్టీ ఇంకా పదినెలలుంది, ఇప్పుడే పాడుకుంటే మూడో వంతు పోతుంది. సాగర్ ఎడమ కాల్వ కింద మా వారి వాటాకు ఎకరం ఇరవై గుంటలుంది. అది అమ్మి మీకు కడదామంటే మా మామగారు మాట్లాడరు, లేచి అరుగు మీదకు వెళ్లి కూర్చుంటారు. ఇక మిగిలినవి నా గాజులు. అవి కుదవ పెట్టాలన్నా బ్యాంకు తెరవాలి కదండీ!

రీయింబర్స్‌మెంటు వచ్చేవాళ్లు సుఖంగా ఉన్నారని కాదు. మా బడిలో మధ్యాహ్న భోజనం వండే ఆమె కొడుకు బీటెక్ అయి ఏడాది కావస్తోంది. ప్రభుత్వం బకాయి పడింది గనుక నువ్వే కట్టి సర్టిఫికెట్లు తీసుకెళ్లు, వాళ్లిచ్చినప్పుడు నీకిస్తాం అంటుంది కాలేజీ. ఉద్యోగం వాళ్లేమో ఒరిజినల్స్ లేనిదే చేర్చుకోరు. 2025 నవంబరులో ఆ బకాయిల కోసమే చాలా ప్రైవేటు కాలేజీలు తాళాలు వేసుకున్నాయి. తాళం ఎవరు వేసినా లోపల చిక్కేది ఆ కాగితాలే. పొద్దున్నే పొయ్యి ముందు కూర్చుని, "మేడమ్, మీ బిడ్డకు మాత్రం కట్టేసెయ్యండి, ఈ గోస పడొద్దు" అంటుంది ఆమె నాతో. మీ రెండు లక్షల సంగతి ఆమెకు నేను చెప్పలేదు.

ఇంకో చిత్రం చెబుతాను. ఈ నెలలో మాకు బడిబాట. ఎండలో గడప గడపకూ తిరిగి, మీ పిల్లల్ని సర్కారు బడికి పంపండమ్మా, పుస్తకాలిస్తాం, బట్టలిస్తాం, అన్నం పెడతాం, పైసా తీసుకోం అని బతిమాలుతున్నాను. తలుపు వేసేస్తారు. బయట పసుపుపచ్చ బస్సు ఆగి ఉంటుంది. పోనీలే అని గొడుగు కింద నిలబడి చెమట తుడుచుకుంటుంటే నా సంచిలో ఫోను మోగుతుంది. తమరి అమ్మాయి. ఊరికే ఇస్తామన్నా మా దగ్గరికి రారు. 22 లక్షలు అంటే మీ దగ్గర క్యూ కడతారట. మీకొచ్చిన ఈ విద్య ఏ బీఎడ్ కాలేజీలోనూ చెప్పలేదు నాకు.

తమరి రంగుల పుస్తకంలో సూటు వేసుకున్న కుర్రాడి బొమ్మ పక్కన ఒక జీతం అంకె వేశారు. అత్యధిక ప్యాకేజీ. చాలా పెద్దది, అభినందనలు. ఆ ఏడాది మీ దగ్గర బయటకొచ్చిన మిగతా వేలమందికి ఎంతొచ్చిందో, నిలువునా వరుసలో నిలబెడితే మధ్యలో నిలబడ్డ పిల్లకు ఎంతొచ్చిందో ఒక్క పేజీలోనూ లేదు. నాకు కావలసింది ఆ మధ్య పిల్ల సంగతే. మా అమ్మాయి ఎప్పుడూ మధ్యలోనే నిలబడింది, ఇంటర్‌లో రెండేళ్లు కార్పొరేట్ కాలేజీ స్టడీ అవర్లో రాత్రి పదిన్నర దాకా కూర్చోబెట్టినా మధ్యలోనే ఉంది. ఆ రెండేళ్లకు కట్టినదాని గురించి ఈ లేఖలో రాయను. మేనేజ్‌మెంట్ కోటాలో రసీదు రాని లక్షల గురించి కూడా రాయను. అవి తమరి శాఖ కాదు.

నిన్న రాత్రి మేమిద్దరం వంటింట్లో తలుపు దగ్గరగా వేసి మెల్లగానే మాట్లాడుకున్నాం. మా ఇల్లు రెండు గదులదే. పొద్దున్నే లేచి మా అమ్మాయి, "అమ్మా, నేను దోస్త్‌లో డిగ్రీకి పెట్టుకుంటాలే. బీఎస్సీ కంప్యూటర్స్ నల్గొండలోనే ఉంది. బస్సు పాస్‌తో పోయొస్తా" అంది. ఇడ్లీ తింటూ, నా మొహం చూడకుండా అంది. డిగ్రీ చదవడం తక్కువేం కాదు, నేనూ అదే చదివాను. కానీ పదిహేడేళ్ల పిల్ల తన చదువు సంగతి ఇంట్లో డబ్బు చూసుకుని తేల్చుకోవలసి రావడం, అదీ మీరు పెట్టిన ఒక గడియారం టిక్కుటిక్కు మంటుండగా! దానికి మీరు పెట్టుకున్న పేరు మెరిట్ స్కాలర్‌షిప్.

డైరెక్టరు గారూ, ఎగతాళికి మొదలుపెట్టాను గానీ నాకు ఇప్పుడు ఓపిక లేదు. మధ్యాహ్నం మూడయింది. మీ సీటు వద్దని నేననడం లేదు. మీ కాలేజీ చెడ్డదని అనడం లేదు, అక్కడ చదివి బాగుపడ్డ పిల్లలు మా వీధిలోనే ఉన్నారు. జూలైలో అక్కడ ఏమీ రాకపోతే మీ దగ్గరికే వస్తాం, గాజులు పోయినా చిట్టీ పోయినా వస్తాం. అప్పటిదాకా ఆగండి. తొలి విడత సీట్లు వచ్చేవరకు, ఒక్క అయిదు వారాలు. తరగతులు మీరు మొదలుపెట్టేదే ఆగస్టులో. అయిదు వారాలు ఆగితే మీ సీటు చెడిపోదు కదా.

అదీ కుదరదంటే ఒక కాగితం ఇవ్వండి. ఈ రెండు లక్షలు, ఆ పాతిక వేలు, పిల్ల చేరకపోతే ఫలానా తేదీకి వెనక్కి ఇస్తామని. మీ లెటర్‌హెడ్ మీద, సంతకం, ముద్ర, తేదీతో. ఫోనులో కాదు, ఆ తేనె గొంతులో కాదు. అది చేతికొస్తే మా మామగారికి చూపించి నేనే నచ్చజెబుతాను.

బ్యాంకు సోమవారం పొద్దున పదింటికి తెరుస్తారు. కనీసం అప్పటిదాకా ఆగండి సార్.

ఇట్లు,
మీ జాబితాలో "పేరెంట్ – మదర్" అని ఉన్న
ఒక విద్యార్థిని తల్లి,
మిర్యాలగూడ.