హాట్‌రాడ్ తలుపు పద్యం: టీకా, తాత్పర్యం, విశేషాలు

తే.గీ.
తలుపు మితిలేక తెరచినఁ దగిలి రెక్క
సొట్టపడు, బోడి రంధ్రానఁ జొచ్చు తీఁగ
యొరసి చిరుఁగును, కావున నొక్క పట్టి
దాని కిడి రబ్బరంగీనిఁ దంతి కిడుము.

అవతారిక: 1932లో ఫోర్డు కంపెనీ సామాన్యుడు కొనగల ధరలో వి8 ఇంజనున్న కారు దించింది. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక దక్షిణ కాలిఫోర్నియా కుర్రకారు అలాంటి పాత బళ్లను చవగ్గా కొని, మడ్గార్డులు ఊడబీకి, ఇంజనుకు బలం పెంచి, ఎండిన సరస్సుల నేల మీద పందేలు వేసుకున్నారు. అలా మార్చిన బండికే హాట్‌రాడ్ అని పేరు. ఆ 1932 ఆకారానికి నేటికీ ఉక్కుతోనూ ఫైబర్‌గ్లాసుతోనూ కొత్త బాడీలు తయారవుతున్నాయి. నాటి తలుపులో ఉన్నవి గొళ్లెం, అద్దం, అద్దం దించే పిడి. నేటి యజమానికి అదే తలుపులో పవర్ విండో, స్పీకరు, సెంట్రల్ లాకు కావాలి. అట్టివాడు చేత డ్రిల్లు పట్టుకొని నిలబడి ఉండగా, షెడ్డులో ఉన్న కవి వారించి చెప్పిన పద్యమిది.

ప్రతిపదార్థం: తలుపు = కారు తలుపును; మితి లేక = హద్దు లేకుండా; తెరచినన్ = తెరిచినచో; తగిలి = కొట్టుకొని; రెక్క = రేకు; సొట్టపడున్ = నొక్కుకుపోవును; బోడి రంధ్రానన్ = అంచుకు ఏ రక్షణా లేని రంధ్రము ద్వారా; చొచ్చు తీఁగ = దూరెడి వైరు; ఒరసి = ఆ అంచుకు రాసుకొని; చిరుఁగును = పైతొడుగు చిరిగిపోవును; కావునన్ = కాబట్టి; ఒక్క పట్టి = ఒక పట్టీని; దానికిన్ = ఆ తలుపునకు; ఇడి = అమర్చి; రబ్బరు అంగీనిన్ = రబ్బరు తొడుగును; తంతికిన్ = వైరునకు; ఇడుము = తొడుగుము.

తాత్పర్యం: ఓ యజమానీ! తలుపు ఎంతవరకు తెరుచుకోవాలో నువ్వు చెప్పకపోతే పక్క రేకు చెబుతుంది. వైరు ఎక్కడ వంగాలో నువ్వు చూపకపోతే రంధ్రపు అంచు చూపుతుంది. వాటిదాకా పోనీయక ఆ రెండు పనులూ నువ్వే చెయ్యి.

విశేషాలు:

రెక్క: ఇది శ్లేష. తలుపు రెక్క అనీ అర్థం, బండి పక్క రేకు అనీ అర్థం. తగిలినదీ తగిలించుకున్నదీ రెండూ సొట్టపోతాయని భావం. ఏ పక్క రేకు అనేది కీలును బట్టి ఉంటుంది. 1932 ఫోర్డులోనే మూడు కిటికీల కూపేకు కీలు వెనుక, అయిదు కిటికీల కూపేకు ముందు. కనుక మొదటిది వెనకవైపు రేకును, రెండోది ముందువైపు రేకును గుద్దుతుంది. తలుపును మెల్లగా తెరుస్తూ మొదట ఎక్కడ తాకుతుందో గుర్తుపెట్టుకొని, దానికి రెండు వేళ్ల దూరంలో ఆపాలి.

ఒక్క పట్టి: తోలుదైనా సరే, సీటు బెల్టు గుడ్డదైనా సరే. కీలుకు మరీ దగ్గరగా బిగిస్తే గాలికి విసిరికొట్టిన తలుపు బలమంతా ఆ బోల్టు మీదే పడుతుంది. కాస్త దూరం జరిపితే భారం తగ్గుతుంది. పలుచని రేకుకే బోల్టు వేస్తే రేకు ఉబ్బుతుంది, ఫైబర్‌గ్లాసు అయితే పగులుతుంది. అందుకే వెనక ఇనప పలక ఉండాలి. తలుపు మూసినప్పుడు పట్టీ లోపలికి మడతపడాలి తప్ప గొళ్లెంలో ఇరుక్కోకూడదు.

బోడి రంధ్రం: డ్రిల్లు తీసిన అంచు కత్తి. ఆకురాయితో అంచు గీరి, తుప్పు పట్టకుండా రంగు పూసి, గ్రోమెట్ అనే రబ్బరు కట్టు కూర్చితేనే రంధ్రపు బోడితనం పోతుంది. కీలు ఉండే బాడీ పిల్లరులో ఒకటి, తలుపులో ఒకటి, రెండు రంధ్రాలు కావాలి. కీలుకు దగ్గరగా ఉంటే వైరుకు కదలిక తక్కువ. రెండింటినీ కొద్దిగా ఎత్తుపల్లాలుగా పెడితే, తలుపు మూసినప్పుడు వైరు ఒకేచోట విరిగినట్టు మడతపడక నెమ్మదిగా మెలిపడుతుంది. వైరు పలుపోగులది కావాలి, ఒంటిపోగు తీగ కొన్నాళ్లకు తునుగుతుంది.

పాఠాంతరం: "దాని కిడి టేపు చుట్టనుఁ దంతి కిడుము" అని కొన్ని షెడ్ల ప్రతులలో కనబడుతున్నది. గణాలు సరిపోయాయి, యతి చెడలేదు. కానీ ఎండకు జిగురు కరిగి టేపు జారిపోతుంది. ఛందస్సు ఒప్పుకున్నా వేసవి ఒప్పుకోదు కనుక ఈ పాఠం త్యాజ్యం.

దంతి: సరళాదేశం గమనించని ఒకానొక వ్యాఖ్యాత ఏనుగుకు రబ్బరు అంగీ తొడగమన్నాడు. ప్రకృతానికి అనవసరం.

శంక: తలుపుకు పోయే వైరు ఒకటి చాలదా? తిరుగు దారిగా బాడీ ఉన్నది కదా?

సమాధానం: ఉక్కు బాడీ అయినా కీలును నమ్మరాదు. గ్రీజు, రంగు, తుప్పు అడ్డు. ఫైబర్‌గ్లాసులో కరెంటే పారదు. ఎర్త్ వైరు వేరుగా లాగవలసిందే.

మరొక శంక: వైరు చిరిగితే ఏమవుతుంది? స్పీకరు మూగబోతుంది, అంతే కదా?

సమాధానం: అంతే కాదు. రాగి రేకును తాకితే షార్టు. బ్యాటరీకి దగ్గరలో ఫ్యూజు లేకపోతే మంట. బయటి పిడులు తీసేసి, సోలినాయిడుతో తలుపు తెరిచే షోకు గలవారి గతి ఇంకా చెడ్డది. వైరు తెగిన రోజున సొంత కారు ముందు పరాయివాడిలా నిలబడాలి. అందుకే తెలిసినవారు లాగితే తెరుచుకునే కేబులు ఒకటి రహస్యంగా దాచుకుంటారు.

ఇడి: పద్యానికి ప్రాణం ఈ క్త్వార్థకం. పట్టీని "ఇడి", పిమ్మట అంగీని "ఇడుము" అని కవి వరుస చెప్పాడు. తలుపుకు కావలసింది హద్దు, వైరుకు కావలసింది సడలింపు. ఎంత సడలింపు కావాలో తలుపు ఎంత తెరుచుకుంటుందో తేలితే గాని తెలియదు, అది తేల్చేది పట్టీ. కనుక ముందు పట్టీ బిగించి, తలుపు బార్లా తెరిచి, అప్పుడు వైరు కొలవాలి. దాన్ని రెండు రంధ్రాల లోపలా క్లిప్పుతో కట్టేస్తే ఆటంతా రబ్బరు తొడుగులోనే సాగుతుంది, కనెక్టరు దాకా లాగుడు పోదు.

ఈ వరుస తప్పి, తలుపు సగం తెరిచి వైరు కొలిచి, పట్టీ సంగతి వచ్చే ఆదివారం చూద్దామనుకున్నవాడి బండిలోనూ తలుపు ఒకచోట ఆగుతుంది. ఆపేది వైరు.