బట్టీ చల్లారిన పిమ్మట బడిబాట

పటాన్‌చెరు, సంగారెడ్డి ప్రాంతమున బడికి రాని పిల్ల యొక్కతెయు లేదని అధికారులు సెలవిచ్చునపుడు నేను సందేహింపను. ఏలయన, ఆ మాట పుట్టు జూన్ మాసమున ఆ పిల్లలు నిజముగనే యిచట నుండరు. తొలకరి మబ్బు కానవచ్చినంతనే ఇటుక బట్టీలు చల్లారును. బొలంగీర్, నువాపడ జిల్లాలనుండి వచ్చిన ఒడియా కుటుంబములు మూటాముల్లె సర్దుకొని రైలెక్కును. అటుపిమ్మట బ్యానర్లతో, నినాదములతో, ఫోటోలతో, పిల్లలను లెక్కించి బడిలో చేర్చు బడిబాట బయలుదేరును.

పంటకోతలు ముగిసి, కూలీలను కుదుర్చు సర్దారునుండి అడ్వాన్సు పుచ్చుకొని ఆ కుటుంబములు మరల దిగునాటికి సర్వే కాగితములు బీరువా చేరియుండును. తండ్రి మట్టి తొక్కగా, తల్లి ముద్దచేసి యందీయగా, అచ్చుతీసిన పచ్చి ఇటుకలను ఎండకు ప్రక్క మార్చి నిలుపు పని ఎనిమిదేండ్ల పిల్లది. పెద్దలు కాలుమోపిన చితికిపోవు వరుసలనడుమ దాని చిన్నిపాదములు సులువుగ మెలగును. కూలి వెయ్యి ఇటుకలకింతయని కుటుంబమంతటికి కలిపి కట్టుదురు గనుక బట్టీ పద్దులో దాని పేరుండదు. బడి హాజరుపట్టీలో నసలే యుండదు. ఇంతటి అదృశ్యసిద్ధికై పూర్వము యోగులు యావజ్జీవము తపస్సు చేసెడివారు!

పదునాలుగేండ్లలోపు వారికెల్ల పదేండ్లలో ఉచిత నిర్బంధవిద్య సమకూర్ప యత్నింపుమని రాజ్యాంగము 1950లో నుడివెను. ఆ గడువు 1960లో తీరెను. 2010 ఏప్రిల్ 1న అమలునకు వచ్చిన విద్యాహక్కు చట్టము, వలసవచ్చినవారి పిల్లలను బడిలో చేర్చుట స్థానికసంస్థల విధియనియు, వయసుపత్రము లేదనియో గడువు దాటినదనియో త్రిప్పిపంపరాదనియు శాసించెను. చట్టము ఏడాది పొడుగున మేల్కొనియుండగా లెక్క మాత్రము జూన్ దాటగనే నిద్రించును.

ఒడియా పిల్లకు తెలుగు రాదు గదా, ఎట్లు చెప్పుదుమందురు. ఈ పటాన్‌చెరులోనే 1972నుండి ఇక్రిశాట్‌లో నానాదేశముల శాస్త్రజ్ఞులు కలిసి జొన్నను, కందిని పరిశోధించుచున్నారు. పాశమైలారము కర్మాగారములలో ఏ రాష్ట్రపు కూలియైనను పనిమాట పట్టుకొనుచున్నాడు. దుబాసి దొరకనిది పలకబలపమునకే! రాష్ట్రమున కొన్ని బట్టీలయొద్ద ఒడియాలో బోధించు బడులు నడిచిన మాట యెరిగియు అసాధ్యమనుట అసమర్థతకు మర్యాదపేరు.

నా విన్నపమల్పము: లెక్కించువారు జనవరిలో, ఇటుకలు ఆరవేయు వేళ, బట్టీకి పోయి లెక్కింపవలయును. అది కష్టసాధ్యమందురా, ఋతుపవనములనే ఆరుమాసములు వాయిదావేయుచు ఉత్తర్వు వెలువరింపుడు. మన కార్యాలయములలో కాగితమునకు కొదువలేదు.